చుక్కి కాళ్ళకి లాడాల్లేవు

అనగనగనగా, చలికి పళ్ళు టకటకలాడే ఒక కొండ ఊళ్ళో పైడితల్లి అని ఒక మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే పురుళ్ళు పోసే మనిషిలే. ఆ చుట్టుపక్కల ఏ బిడ్డ పుట్టినా ముందు ఆవిడ చేతుల్లోకి రావాల్సిందే. ఆవిడకి ఒక ఆడగుర్రం ఉండేది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉందని దాన్ని చుక్కి అని పిలుచుకునేది.

గుర్రాలకి గిట్టల కింద ఇనప లాడాలు కొడతారు కదా. చుక్కికి మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటే, గుర్రం లాడం గుమ్మానికి కొడితే పసిపిల్లలకి దిష్టి తగలదని ఆ ఊరివాళ్ళ నమ్మకం. చుక్కి కాలినుంచి లాడం ఊడిందంటే చాలు, అది మాకియ్యమ్మా అని పురిటింటి వాళ్ళు అడిగేవాళ్ళు. ఈ వెర్రితల్లి కాదనలేక ఇచ్చేసేది. అలా మూడు లాడాలు మూడు గుమ్మాలెక్కాయి. నాలుగోది ఏ వాగులో పడిందో ఎవరికీ తెలీదు. ఇక చుక్కి వట్టి కాళ్ళతోనే రాళ్ళూ రప్పలూ తొక్కుకుంటూ తిరిగేది. పాపం గుర్రాన్ని దిగంబరిని చేసింది అని ఊరంతా నవ్వేది.

పైడితల్లికి ఒక్కగానొక్క కూతురు, కొండమ్మ. కనుమ అవతలి ఊళ్ళో ఇచ్చారు. ఇప్పుడు కొండమ్మ నిండు చూలాలు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, వచ్చే వారం వెళ్ళి తీసుకొద్దామని పైడితల్లి మంచం నులక కూడా బిగించి పెట్టుకుంది.

అప్పుడేమైందీ, ఒకరోజు తెల్లారి తలుపు తీసిన పైడితల్లి తీసినట్టే నిలబడిపోయింది. నేల లేదు. వాకిలి లేదు. అంతా తెలుపే. ఎవరో బియ్యప్పిండి బస్తాలు కోసి ఊరంతా ఒలకబోసినట్టుంది. వాళ్ళకి మంచు తెలీక కాదు, పొద్దున్నే పొగలా కమ్ముకుని ఎండ రాగానే పోయేదే వాళ్ళకి తెలిసిన మంచు. ఇదేమో పోకుండా, కాలు పెడితే కరకరమంటోంది. ఒక ముసలాయన వంగి కాస్త నాలిక మీద వేసుకుని, ఉప్పు కాదర్రా అన్నాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి ఆకాశం వైపు చూశారు.

ఇంతలో కనుమ అవతల నుంచి డప్పు వినిపించింది. పైడితల్లి గుండె ఝల్లుమంది. అవతలి ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా గుట్టెక్కి డప్పు కొడతారు, ఆవిడ విని బయల్దేరాలని. ఆ ఊళ్ళో ఇప్పుడు కడుపుతో ఉన్నది కొండమ్మ ఒక్కతే. అనుకున్న రోజుకంటే ముందే నొప్పులొచ్చాయి. తను వెళ్ళకపోతే బిడ్డా దక్కదు, తల్లీ దక్కదు.

ఆవిడ చుక్కికి కళ్ళెం వేయబోతే జనం అడ్డుపడ్డారు. ఈ తెల్ల జారుడులో లాడాల్లేని గుర్రమా, కాళ్ళు విరిగి లోయలో పడతావన్నారు. కమ్మరి కూడా అదే మాటన్నాడు. కొత్తవి చెయ్యాలంటే పొద్దు వాలుతుంది, పాతవి పట్టుకొస్తే క్షణంలో కొట్టేస్తానన్నాడు.

పైడితల్లి మొదటి గుమ్మానికి పరుగెత్తింది. ఆ ఇంటి ఇల్లాలు లాడానికి అడ్డంగా చెయ్యి పెట్టి, తీస్తే మా బాబుకి దిష్టి తగులుతుంది అత్తా అంది. ఆ తర్వాత రెండో గుమ్మానికి వెళ్ళింది. వాళ్ళు తలుపే తియ్యలేదు. లోపల పసిపిల్ల ఏడుపు మాత్రం వినిపిస్తోంది. ఆ గొంతు మొదట విన్నది పైడితల్లే. ఇంత దారుణమా అనుకుంది. మూడో ఇంటివాళ్ళు మంచివాళ్ళే, మారుమాట లేకుండా గునపంతో పెకలించారు. తుప్పు పట్టిన లాడం రెండు ముక్కలైంది.

అప్పుడు ఊరి పెద్ద జోగినాయుడు తన ఎత్తు గుర్రాన్ని తోలుకొచ్చాడు. దానికి నిన్న మొన్ననే కొట్టించిన లాడాలు, తళతళా మెరుస్తున్నాయి. "ఎక్కు పైడితల్లీ, నాను దిగబెడతాను. నీ కూతురు నాకు కూతురు కాదేటి" అన్నాడు. ఆవిడ చుక్కిని గుంజకి కట్టేసి ఆయన వెనకాల ఎక్కింది.

కనుమ మొదట్లో గుర్రం బాగానే నడిచింది. ఆ తర్వాత ఎత్తు గుర్రం తూలడం మొదలెట్టింది. ఇదేం వింతరా అని పైడితల్లి వంగి చూసింది. లాడాల మధ్య మంచు గట్టిగా కూరుకుపోయి, ఒక్కో కాలి కింద ఒక్కో పెద్ద లడ్డూ తయారైంది. పాపం గుర్రం లడ్డూల మీద నడుస్తోంది! నాయుడు దిగి రాయితో కొట్టి ఊడదీశాడు. నాలుగడుగులెయ్యగానే మళ్ళీ తయారు. మలుపు దగ్గర ఇనుము సర్రున జారింది. గుర్రం ఓ పక్కకి, నాయుడు ఓ పక్కకి, పైడితల్లి ఇంకో పక్కకి పడ్డారు. ఎవరికీ ఏం కాలేదులే, భయపడకు. కానీ గుర్రం లేచి ముందుకి అడుగు వెయ్యనంది.

పైడితల్లి మంచులో కూలబడిపోయింది. అవతల డప్పు ఇంకా మోగుతోంది.

అప్పుడు వెనకాల ఎవరో ముక్కు చీదినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే చుక్కి! తాడు తెంపుకుని, అదే జారుడులో, మేతకి వెళ్తున్నంత నింపాదిగా నడిచొస్తోంది. పైడితల్లి లేచి దాని కాలెత్తి చూసింది. గిట్ట అడుగు కొబ్బరి చిప్పలా లోపలికి గుంటగా ఉంది. నడుమ మెత్తటి కండ. మంచు అందులో చేరినా, మళ్ళీ కాలు మోపి ఎత్తేసరికి అచ్చు తీసినట్టు ఊడి పడిపోతోంది. గిట్ట అంచు నేలని గట్టిగా పట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ రాళ్ళ మీద తిరిగి తిరిగి అది అలా రాటుదేలింది. ఇది తెలీక నేను గుమ్మాలు పట్టుకు తిరిగానే అని పైడితల్లి నెత్తి కొట్టుకుని, నాయుణ్ణి వెనక్కి వెళ్ళమని చెప్పి చుక్కినెక్కింది.

అలాగని చుక్కి ఎగురుకుంటూ పోలేదమ్మా. నీళ్ళు గడ్డకట్టి అద్దంలా మెరిసే బండ ఒకటి వచ్చింది. అక్కడ దాని కాలూ జారింది. పైడితల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. చుక్కి ఆగింది. తల దించి వాసన చూసింది. ఆ తర్వాత బండని వదిలేసి, పక్కనున్న పొదల్లోంచి చిన్న చిన్న అడుగులేసుకుంటూ దిగసాగింది. బరువు తగ్గిద్దామని పైడితల్లి దిగిపోయి దాని జూలు పట్టుకుంది. తోలు చెప్పులు జారుతుంటే వాటిని లోయలోకి విసిరేసింది. గుర్రమూ వట్టి కాళ్ళే, మనిషీ వట్టి కాళ్ళే.

అవతలి ఊరివాళ్ళు వాళ్ళిద్దర్నీ చూసి దెయ్యాలనుకున్నారు. డప్పు కొట్టేవాడి చేతిలో పుల్ల జారిపోయింది. పైడితల్లి నేరుగా లోపలికి వెళ్ళి చేతులు వేణ్ణీళ్ళలో కాచుకుని కూతురి పక్కన కూచుంది. కాసేపటికి బిడ్డ బయటికొచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. పైడితల్లి ఆ పిల్ల వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది, నోట్లో నీరు తుడిచి మళ్ళీ రుద్దింది. అప్పుడు కెవ్వుమంది చూడూ, బయట చుక్కి కూడా ఉలిక్కిపడింది.

అంతా అయ్యాక కొండమ్మ నీరసంగా కళ్ళు తెరిచింది. బిడ్డ కేసి చూసింది. ఆ తర్వాత తల్లి కాళ్ళకేసి చూసి అదిరిపడింది.

"అమ్మా, నీ చెప్పులేయే?"

పైడితల్లి కిందికి చూసుకుంది. పాదాలు కందగడ్డల్లా ఎర్రగా, చీరుకుపోయి ఉన్నాయి. అప్పటిదాకా ఆవిడకి ఆ సంగతే తెలీదు. చూశాక గానీ నొప్పి తెలియలేదు, తెలిశాక నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"ఇలా పెట్టీయే నీ కాళ్ళు" అంది కొండమ్మ. తన దుప్పటి ఎత్తి, ఒక పక్క బిడ్డని పొదువుకుని, ఇంకో పక్క అమ్మ పాదాలు లోపలికి లాక్కుని కప్పేసింది. ఆ మంచు రోజున ముగ్గురూ ఒక్క దుప్పట్లోనే వెచ్చగా నిద్దరపోయారు.

కథమ్మ వెళ్ళింది కంచికీ,
మనమొచ్చేశాం ఇంటికీ,
కునుకొచ్చింది నీ కంటికీ,
దుప్పటి కప్పనా ఒంటికీ.