కంబగిరి విన్న నాదం

గురువు ఉలిగప్ప తాత మఠంలో తను చేరిన మూడో ఏట కంబగిరికి లోపల చప్పుడు వినిపించింది.

శ్రీశైలం పోతూ మఠంలో దిగిన బైరాగులు అతనికి గంజాయి చిలుం అలవాటు చేసి పోయారు. దమ్ము లాగి కళ్ళు మూసుకుంటే చాలు, గుండె చెవుల్లో మోగేది. యోగులు ఏళ్ళ తరబడి కూర్చుంటే గాని వినిపించని అనాహత నాదం తనకు నెల తిరక్కుండానే చిక్కిందని పొంగిపోయాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రేపు జనం తనను కంబగిరి తాత అంటారని కూడా అనుకున్నాడు.

అయితే నాలుగు రోజులుగా ఆ నాదం ఉరుకుతోంది, ఉన్నట్టుండి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఒళ్ళు చెమటలు పట్టి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నిన్న నీళ్ళు చేదుతూ బావిలో పడబోయాడు. అప్పటినుంచి చచ్చిపోతానేమోనని భయం. పైకి చెబితే సాధకుడికి భయమేమిటని నవ్వుతారని ఇంకో భయం.

పొద్దున తత్వాలు పాడే వేళ తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, నాకు నాదం పలికింది."

అతని పెదవులు పాలిపోయి ఉన్నాయి. అతని బట్టల్లోని గంజాయి వాసన తాత పసిగట్టాడు. ఆ మఠంలో గురువు వాయించే కంచు తాళాలు శిష్యులు ముట్టరు. వాటిని తీసి అతని చేతిలో పెట్టాడు.

"లోపల దెబ్బ ఎట్ల పడుతుంటే అట్లే వెయ్యప్పా. నేను పాడతా."

కంబగిరి వేశాడు. తాళం ఉరికింది. పాట దాని వెంట ఉరికి, డెబ్బై ఏళ్ళ గొంతుకు ఆయాసం ఎక్కింది. తాళం తడబడితే పాటా తడబడింది. ఉన్నట్టుండి కంబగిరి చెయ్యి ఆగింది.

తాత మాట మధ్యలో ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది.

కంబగిరి కాచుకున్నాడు. లోపల గుండె దెబ్బ రాలేదు. తాత రెప్ప వేయకుండా అతని చేతినే చూస్తున్నాడు. ఇంకా రాలేదు. ఒక్క దెబ్బ పడితే చాలని ఏ దేవుణ్ణీ వేడుకోనంతగా వేడుకున్నాడు.

పడింది. తాళాలు జారి నేల మీద మోగాయి.

అతను మొలలోని చిలుం తీసి తాత పాదాల దగ్గర పెట్టాడు.

"అయితే ఇది నాదం కాదా తాతా?"

తాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "పద, ఆస్పత్రికి పోదాం. డాక్టరు విని చెప్తాడు."

గడప దగ్గర కంబగిరి ఆగాడు. "నా వల్ల పాట సగంలో ఆగిపోయింది."

"పాటదేముంది నాయనా," అన్నాడు తాత, అతని రెక్క పట్టుకుని. "దాన్ని మళ్ళీ ఎత్తుకోవచ్చు."