చెలమలో తెల్లనీళ్ళు

కొంగగుట్ట అడవిలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్ళు, అడవికోళ్ళు ఉండేవి. అడవి నడుమ పారే గొర్లవాగులో చేపలు, నత్తలు, ఎండ్రకాయలు ఉండేవి. ఆ ఏడు ఎండలు ముదిరి వాగు ఎండిపోయింది. ఇసుకలో ఒకే ఒక్క మడుగు మిగిలింది.

ఆ మడుగులో తళుకు అనే పరిగె చేప తన ఇరవై మంది పిల్లలతో ఉండేది. మడుగు రోజురోజుకూ కుంచించుకుపోతోంది. తళుకుకు తిండి సయించడం లేదు. పిల్లలను ఎక్కడ దాచుకోవాలో తెలియక అటూ ఇటూ తిరిగేది.

నీళ్ళు తాగడానికి వచ్చిన కుంభుడు అనే ఏనుగు అది చూశాడు. కుంభుడిది జాలిగుండె. కానీ ఏ పని మొదలుపెట్టినా పొద్దుగూకేలోగా అయిపోవాలంటాడు. అదొక్కటే అతనితో చిక్కు.

"ఏడవకు చెల్లీ. నేరేడు చెట్టు నీడన నీకో చెలమ తవ్వుతాను. అద్దంలాంటి నీళ్ళలో నీ పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు.

"ఈ మడుగు ఇంకో పదిహేను రోజులు ఉంటుందన్నా. ఆలోగా అయితే చాలు" అంది తళుకు.

"పదిహేను రోజులా! నాకది పూటపని" అన్నాడు కుంభుడు.

అన్నట్టే వాగు ఇసుకను కాళ్ళతో తోడి పెద్ద గుంట చేశాడు. ఊటనీరు బుడబుడా పైకి వచ్చింది. అడుగున గులకరాళ్ళు పరిచాడు. కలువ దుంపలు, నాచు తీగలు తెచ్చి నాటాడు. తేటగా ఉన్న ఆ నీళ్ళను చూసి అడవంతా మెచ్చుకుంది.

గుల్లవ్వ అనే ముసలి నత్త మాత్రం మెచ్చుకోలేదు.

"నాయనా, పాత మడుగులోని బురద కొంచెం తెచ్చి ఇందులో వెయ్యి. ఆ తర్వాత పది పన్నెండు రోజులు దీన్ని ముట్టుకోకు" అంది.

కుంభుడు పకపకా నవ్వాడు. "తేట నీళ్ళు కావాలంటే బురద వెయ్యమంటావా? బాగుందవ్వా నీ వైద్యం!"

"నవ్వకు నాయనా. ఆ బురదలో కంటికి ఆనని చిన్న ప్రాణులు ఉంటాయి. చేపల మురికిని అవే తినేస్తాయి. అవి కొత్తచోట కుదురుకునేటప్పుడు నీళ్ళు తెల్లబడతాయి. కంగారు పడకుండా వదిలేస్తే నీళ్ళు వాటంతటవే తేరుకుంటాయి."

"ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు!"

"నిదానమే ప్రధానం అన్నదీ ఆ పెద్దలే" అని గుల్లవ్వ తన దారిన తాను కదిలింది. నత్త కదలడం అంటే తెలుసుగా పిల్లలూ, నాలుగు బారల దూరానికి ఒక పూట పడుతుంది.

మూడో రోజుకు చెలమ బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడింది. దుప్పి వచ్చి చూసి, "కుంభన్నా, చెలమ తవ్వావా, కుడితి కలిపావా?" అని వెక్కిరించింది.

ఆ మాట కుంభుడికి తగలరానిచోట తగిలింది. అప్పటికప్పుడు నీళ్ళన్నీ తోడి పారబోశాడు. గులకరాళ్ళను ఒక్కొక్కటిగా తోమాడు. దుంపలు పీకి, వేళ్ళు కడిగి, మళ్ళీ నాటాడు. కొత్త ఊట నిండింది. "ఇప్పుడేమంటారు?" అని తొండం ఎత్తాడు.

మూడు రోజులకు మళ్ళీ తెల్లబడింది. మళ్ళీ తోడాడు, తోమాడు, పీకాడు. ఇలా నాలుగుసార్లు జరిగింది. కలువ దుంపలకు ఒక్క వేరు కూడా పట్టలేదు. కుదురుగా ఉండనిస్తే కదా! నీళ్ళు తెల్లబడిన ప్రతిసారీ ఆ చిన్న ప్రాణులు కాపురం పెట్టుకునేవి. కుంభుడు ప్రతిసారీ ఆ కాపురాన్ని ఎత్తి పారబోసేవాడు. పాపం, అతనికి తెలియదు అందామంటే, అవ్వ చెప్పనే చెప్పింది. అతనే చెవిన పెట్టలేదు.

పదిహేనో రోజు వచ్చేసింది. పాత మడుగులో తళుకు వీపు నీళ్ళపైకి తేలింది. పిల్లలు బురదలో కొట్టుకుంటున్నారు. కుంభుడు చెలమను మరోసారి తోడి నింపాడు. తళుకునూ పిల్లలనూ నీళ్ళతోపాటు మెల్లగా తొండంలోకి పీల్చుకుని, తెచ్చి అందులో వదిలాడు.

"ఎంత చల్లగా ఉందో మామా!" అని పిల్లలు కేరింతలు కొట్టారు. తళుకు ఆ పూట కడుపునిండా తింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. ఇరవై మంది పిల్లల మురికి అంతా నీళ్ళలోనే ఉండిపోయింది. దాన్ని తినే ప్రాణులు అక్కడ లేవు. మూడో రోజు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పిల్లలు గాలి కోసం పైకి వచ్చి నోళ్ళు తెరిచారు.

"అన్నా, ఊపిరాడటం లేదు! పిల్లలు వెల్లకిలా పడిపోతున్నారు!" అని తళుకు ఏడ్చింది.

కుంభుడు మళ్ళీ నీళ్ళు తోడబోయాడు.

"తోడకు నాయనా! అడుగు కదిలితే ఉన్నవాళ్ళు కూడా పోతారు. నీ కుడిపక్కన చూడు" అంది గుల్లవ్వ.

అక్కడ తడి ఇసుకలో లోతుగా దిగబడిన కుంభుడి కాలిముద్ర ఉంది. దాని నిండా ఊటనీరు ఉంది. చెలమ తవ్విన రోజునే గుల్లవ్వ తన గుల్లకు అంటిన పాత బురదను అందులో వదిలి, ఒక నాచు పోగు పెట్టింది. ఆ నీళ్ళూ తెల్లబడ్డాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు కాబట్టి తేరుకున్నాయి. అడుగున ఇసుక రేణువులు కనబడుతున్నాయి.

"ఇది ఇరవై మందికి చాలదు నాయనా. మిగిలినవాళ్ళకు చాలుతుంది" అంది అవ్వ.

కుంభుడు తొండంతో మిగిలినవాళ్ళను అందులో వేశాడు. తళుకు బతికింది. పిల్లలు ఇద్దరు బతికారు.

తళుకు ఆ ఇద్దరి పక్కన చేరి, "నువ్వు చెడ్డవాడివని నేను అననన్నా. మా కోసం ఒళ్ళు హూనం చేసుకున్నావు. ఒక్క పది రోజులు ఊరికే ఉండలేకపోయావు, అంతే" అంది.

కుంభుడు కుమిలి కుమిలి ఏడ్చాడు. చనిపోయిన పిల్లలను నేరేడు చెట్టు మొదట్లో మట్టిలో కప్పాడు. ఎండుతున్న పాత మడుగు నుంచి బురద తెచ్చి చెలమలో వేశాడు. ఆపైన దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళు తెల్లబడ్డాయి. దుప్పి వచ్చి మళ్ళీ వెక్కిరించింది. కుంభుడు పలకలేదు, కదలలేదు.

పన్నెండో రోజుకు చెలమ తేరుకుంది. కలువ దుంప చిన్న ఆకు వేసింది. ఆనాటి నుంచి అడవిలో ఎవరు ఏ పని తలపెట్టినా ముందు గుల్లవ్వను అడిగేవారు. ఆమె పెట్టిన గుడ్లలోంచి వచ్చిన నత్త పిల్లలతో ఆ ఒడ్డంతా నిండిపోయింది.

కుంభుడు తళుకునూ ఆ ఇద్దరినీ తెచ్చి చెలమలో వదిలాడు. ఇరవై మంది కోసం తవ్విన చెలమ అది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని ఒడ్డు వదలకుండా ఈదారు.

"మిగతావాళ్ళు ఎప్పుడొస్తారు మామా?" అని చిన్నది అడిగింది.

కుంభుడు నేరేడు చెట్టు మొదలు వైపు చూశాడు.

నీతి: మంచి మనసు ఒక్కటే చాలదు. ఓర్పు లేని సాయం కీడుతో సమానం.