చౌడు మిద్దె

హైదరాబాదులో మార్కండేయులు అనే లిఫ్టు మెకానిక్ ఉండేవాడు; పనిమంతుడే కానీ, ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "నాకు తెలుసులే" అని నోరు మూయించేవాడు.

ముప్పై ఏళ్లు చీకటి గొట్టాల్లో, ఇనుప తాళ్ల మధ్య పనిచేసి పనిచేసి అతనికి విసుగు పుట్టింది. భార్య హైమావతికి కూడా నాలుగో అంతస్తులోని రెండు గదుల్లో ఊపిరాడేది కాదు. "ఎక్కడైనా నేల మీద కాలు పెట్టి బతుకుదామండీ" అని పోరేది. చివరికి అతను ఉద్యోగం మానేశాడు. తెలిసినవాళ్లు చెబితే ఇద్దరూ అనంతపురం వైపు నల్లరాళ్లపల్లి అనే ఊళ్లో ఒక పాత ఇల్లు చూడటానికి వెళ్లారు.

పన్నెండేళ్లుగా తాళం వేసి ఉన్న ఇల్లది. రాతి గోడలు మూరెడు మందాన ఉన్నాయి. పైన దూలాలు, వాటి మీద కట్టెలు పరిచి మట్టి కప్పిన మిద్దె. వాకిలి నిండా ముళ్ల కంప, లోపల గబ్బిలాలు. మార్కండేయులు ముక్కు మూసుకున్నాడు. కానీ మిద్దెకున్న గవాచిలోంచి, అదే వెలుతురు కోసం వదిలిన కంతలోంచి, గుండ్రంగా ఎండ నడింట్లో పడుతోంది. హైమావతి వెళ్లి సరిగ్గా ఆ ఎండలో నిలబడి పకపకా నవ్వింది.

"ఇదేనండీ మనిల్లు" అంది.

ఇల్లు కొన్నారు. మాఘమాసంలో సామాను తెచ్చుకుని దిగారు. కంప కొట్టించారు, గబ్బిలాలను సాగనంపారు, తలుపులకు నూనె పట్టించారు. ఊరి బావి గిలక నాలుగు వీధుల అవతలికి వినబడేలా కీచుమనేది. మార్కండేయులు దాన్ని ఒక్క పూటలో బాగుచేశాడు. ఆ సాయంత్రం బావి దగ్గర ఆడవాళ్లు "ఈ గిలకకు గొంతు పోయిందే!" అని నవ్వుకున్నారు. ఊరికి అతను నచ్చాడు.

ఇక మిద్దె పని మిగిలింది. పక్కింట్లో ఓబుళమ్మ అనే డెబ్బై అయిదేళ్ల ముసలమ్మ ఉండేది. ఆమెకు ఆరు మేకలు, పదునైన నాలుక. ఒకరోజు మేకలను తోలుకుపోతూ ఆగింది.

"ఏమప్పా, మిద్దెకు చౌడు ఎప్పుడు తోలిస్తావు? వానలు దగ్గరికొస్తాండాయి."

"నాకు తెలుసులే అవ్వా. మట్టి కాలం పోయింది. మీద సిమెంటు పోయిస్తున్నాను."

"వద్దప్పా! కట్టెల మిద్దె ఎండకూ వానకూ కదుల్తాంటాది. సిమెంటు కదలదు. దాంతో..."

"అవ్వా, నేను ఇరవై అంతస్తుల మేడలు ఎక్కి దిగినవాణ్ణి!"

"ఎక్కి దిగినావు సరే, కట్టినావా?" అని ఓబుళమ్మ మేకల వెంట వెళ్లిపోయింది. హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మార్కండేయులు చూడనట్టు నటించాడు.

సిమెంటు పోయించాడు. మిద్దె అద్దంలా మెరిసింది. అతను రోజూ పైకెక్కి అటూ ఇటూ తిరిగేవాడు. మిద్దె పని అయ్యాక చేద్దామని ఆపిన గృహప్రవేశాన్ని జూన్ నెలాఖరున పెట్టుకుని, తనతో పనిచేసిన వాళ్లందరికీ ఫోన్లు చేసి పిలిచాడు.

మే చివర్లో ఒక మధ్యాహ్నం తొలి వాన పడింది. మార్కండేయులు అరుగు మీద కూర్చుని చినుకుల వాసన పీల్చుతూ "ఆహా!" అన్నాడు. లోపల్నుంచి "అయ్యో!" అని వినిపించింది. వెళ్లి చూస్తే నడింట్లో మూడు చోట్ల నీళ్లు కారుతున్నాయి. పైన సిమెంటు బీటలిచ్చి ఉంది. "కొత్తగదా, సర్దుకుంటుంది" అని అతను బీటల్లో ఇంకాస్త సిమెంటు పూశాడు.

వారం తిరక్కుండా రెండో వాన వచ్చింది. ఈసారి ఇంట్లో ఉన్న గిన్నెలూ చెంబులూ బకెట్లూ అన్నీ పెట్టినా చాలలేదు. పైనుంచి దిగిన నీటితో లోపలి మట్టి నాని, ఆరే దారి లేక బరువెక్కింది. నడిదూలం కిర్రుమంది. సన్నగా మట్టి రాలింది. హైమావతి పరుపు నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది.

వాన వెలిశాక ఆమె తిట్టలేదు, సాధించలేదు. తడిసిన జుట్టు పిండుకుంటూ, "నాకీ ఇల్లంటే ప్రాణం. మీ పంతం కోసం దీన్ని పోగొట్టుకోలేను. వెళ్లి అడగండి" అంది.

మార్కండేయులు ఓబుళమ్మ ఇంటికి వెళ్లాడు. వెళ్లినవాడు అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడాడు. మేకలు బాగున్నాయా అన్నాడు. వాన బాగా కురిసిందన్నాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, చల్లగా ఉందన్నాడు. ఖాళీ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి తల వంచుకుని అన్నాడు.

"అవ్వా, మిద్దె సంగతి నాకేమీ తెలియదు. చెప్పు."

ఓబుళమ్మ బోసినోటితో నవ్వింది. "ఈ మాట ఆ పొద్దే అనింటే నీ పరుపు తడిసేది కాదు గదప్పా! సరే, విను." అతను విన్నాడు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

మర్నాటి నుంచే పని మొదలైంది. సిమెంటు పెళ్లగించడానికి మూడు రోజులు పట్టింది. మిద్దె ఎండకు ఆరింది. వడ్రంగి కుళ్లాయప్ప పుచ్చిన రెండు కట్టెలు తీసి వేపకట్టెలు వేశాడు, నడిదూలం కింద స్తంభం నిలిపాడు. ఊరి బయట, గడ్డి కూడా మొలవని తెల్లటి చౌడు నేల ఉంది. అక్కడి మట్టిని ట్రాక్టరులో తెచ్చి వాకిట్లో కుప్ప పోశారు.

"పైరుకు పనికిరాదు గానీ, ఇది తడిసిందంటే బిగుసుకుంటాది. చుక్క నీరు కిందికి దిగనీదు" అంది ఓబుళమ్మ.

ఎవరినీ పిలవనేలేదు. బావి గిలక బాగుచేసినాయన మిద్దెకు చౌడు వేస్తున్నాడని తెలిసి వీధి వీధంతా వచ్చింది. నిచ్చెన పొడవునా నిలబడి గంపలు చేతులు మార్చారు. ఓబుళమ్మ అందరికంటే ముందే పైకెక్కి, కర్ర పట్టుకుని అధికారం చెలాయించింది. "ఆ మూల ఎత్తు చెయ్యండి! నీళ్లకు దోవ ఇడవండి! ఏమప్పా మార్కండేయులూ, అట్ల నెమ్మదిగా తొక్కితే మట్టికి చక్కిలిగింత పెట్టినట్టుంటాది, గట్టిగా తొక్కు!" అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా మార్కండేయులే నవ్వాడు. హైమావతి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి కిందనుంచి అందిస్తుంటే, మిద్దె మీదే బారులు తీరి కూర్చుని తిన్నారు.

గృహప్రవేశం నాడు హైదరాబాదు నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. ఊరివాళ్లు కూడా కూడారు. విస్తళ్లు వేసి వడ్డిస్తుండగా ఆకాశం నల్లబడింది. ఎవరో గబగబా గవాచికి మూత పెట్టి వచ్చారు. భళ్లున వాన దిగింది. పప్పు గరిట పట్టుకున్న మార్కండేయులు ఉన్నచోటే బిగుసుకుపోయి పైకి చూశాడు. హైమావతి చూసింది. అది చూసి ఊరివాళ్లూ స్నేహితులూ అందరూ తలలెత్తారు.

ఓబుళమ్మ ఒక్కతే తలెత్తలేదు. "అన్నం సల్లారిపోతాది, తినండప్పా" అంది.

వాన గంటసేపు దంచికొట్టింది. బయట తూములోంచి నీళ్లు ధారగా దూకాయి. లోపల ఒక్క చుక్క పడలేదు. పిల్లలు తూము కింద తడుస్తూ కేరింతలు కొట్టారు. హైమావతి కూడా పట్టుచీర సంగతి మరిచి వాళ్లతో వెళ్లి తడిసింది.

పాత స్నేహితుడొకడు నడిదూలం కింది స్తంభాన్ని నిమిరి, "భలే చేశావురా! నీకెవరు నేర్పారు ఈ పని?" అని అడిగాడు.

మార్కండేయులు అతని చెయ్యి పట్టుకుని ఓబుళమ్మ విస్తరి దగ్గరికి తీసుకువెళ్లాడు. "మా గురువు" అన్నాడు. ఆమెకు మరో రెండు గరిటెల పాయసం తానే వడ్డించి, పక్కనే చతికిలబడి, "అవ్వా, పెరట్లో చిక్కుడు పాదు ఎప్పుడు పెట్టాలి?" అని అడిగాడు. ఆమె తీరిగ్గా చెప్పసాగింది. అతను శ్రద్ధగా వింటూ కూర్చున్నాడు.

తెలియదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. తెలిసినవారి మాట చివరిదాకా వినేవాడి పనే నాలుగు కాలాలు నిలుస్తుంది.