కడబంతికి రాని ఏరు

విందులో వడ్డన ఎటువైపు నుంచి మొదలుపెట్టాలర్రా? గిన్నె పక్కనే కూర్చున్నవాడి నుంచా? లేక అటు చివర, గోడవారన, పిలిచినా వినిపించనంత దూరాన కూర్చున్నవాడి నుంచా? తొందరేం లేదు, మొక్కలకు పోస్తున్న ఈ నీళ్ల బిందె ఇలా దించి చెబుతా. ముందు కథ వినండి. జవాబు తరవాత చెబుదురుగాని.

అనగా అనగా, ఏళ్లన్నీ తూర్పుకు పారుతుంటే ఒక్క ఏరు మాత్రం పడమటికి నడిచే దేశం ఒకటుండేది. ఆ ఏటి పేరు పడమటేరు. కొండల్లో పుట్టి, దేశం నడుమగా సాగి, సముద్రంలో కలిసేది. కలిసేచోట ఉన్న ఊరు కడమూరు. ఆ ఊళ్లో ఆదెమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఎవరింట శుభకార్యమైనా వడ్డన గంటె ఆవిడ చేతిలో ఉండాల్సిందే.

కడమూరిలో వడ్డన కడబంతి నుంచి, అంటే చిట్టచివరి వరస నుంచి మొదలయ్యేది. "ముందు కూర్చున్నవాడికి గంటె కనిపిస్తుంది, అడుగుతాడు. కడన కూర్చున్నవాడికి గిన్నె అడుగే కనిపిస్తుంది. వాడేమడుగుతాడు పాపం" అనేది ఆదెమ్మ. అందుకే గొప్ప చుట్టం ఎవరొచ్చినా ఆ ఊళ్లో కడబంతిలోనే పీట వేసేవారు.

ఆ దేశాన్ని ఏలే రాజు విజయకేతుడు. చెడ్డవాడు కాడు. కాని ఆయన పట్టం కట్టుకున్న ఏడాది ఏరు గట్లు తెంచుకుని పొంగింది. ఆ వరద చూసి మురిసిపోయి, ఆ నీళ్లనే కొలిపించి పంచేశాడు. ఎగువన చెరకుతోటల కామందుకు ఒక వంతు. నడుమన బట్టల అద్దకాల వర్తకుడికి ఒక వంతు. ఆ దిగువన పట్నాన్ని చూసుకునే కొత్వాలుకు ఒక వంతు. ముగ్గురికీ మూడు ఆనకట్టలు, మూడు తూములు. మరి కడమూరికో? "మిగిలింది వాళ్లదే" అన్నాడు రాజు.

పెళ్లినాటి వంట చూసి, రోజూ అన్ని బియ్యం పొయ్యి మీద పెడతామా? అంత పెద్ద సభలో ఒక్కరికి తట్టలేదు చూడండి ఆ మాట.

తరవాతి ఏళ్లలో వానలు తగ్గాయి. ఏరు సన్నబడింది. అడిగేవాళ్లు మాత్రం లావెక్కారు. కడమూరికి చుక్క దిగడం మానేసింది. ఏటి నీళ్లు రాకపోయేసరికి సముద్రం ఊరి మీదికి ఎగదన్నింది, మంచినీళ్ల బావులు ఉప్పుబారాయి. ఆ నీళ్లు తాగి దూడలు కట్టుకొయ్యల దగ్గరే కూలబడ్డాయి. "ఈ ఏడూ ఇంతే అయితే ఊరు వదిలి పోదాం" అనుకున్నారు జనం.

ఆ మాట ఆదెమ్మ గుండెలో ముల్లులా దిగింది. పొయ్యి రాజెయ్యని ఊళ్లో గంటె ఎందుకు, తనెందుకు? చెప్పులు తొడుక్కుని ముందు ఎగువ ఆనకట్ట దాకా నడిచి, అక్కణ్నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ దిగువకు వచ్చింది.

చెరకు కామందు ఊయల దిగకుండానే మాట్లాడాడు. "చెరకు దాహం నీకేం తెలుసే ముసలమ్మా. అప్పుడొక తోట, ఇప్పుడు మూడు తోటలు. నా వంతు నేను తీసుకుంటున్నా. మిగిలింది నీదేగా."

అద్దకాల వర్తకుడు తియ్యగా నవ్వాడు. "రాణివాసం నుంచి ఓడలవాళ్ల దాకా అందరికీ నా చీరలే కావాలి అత్తా. ఒక్కో చీరా ఎన్ని నీళ్లు తాగుతుందో తెలుసా? గిరాకీ నేను పుట్టించానా చెప్పు. మిగిలింది నీదేలే."

పట్నం కొత్వాలు కళ్లెర్రజేశాడు. "జనం పెరిగారు. వాళ్లను దాహంతో చంపమంటావా?"

"వద్దు బాబూ, నిండా తాగనివ్వండి. కాని వాటికి కూడా దాహమేనా?" అంది ఆదెమ్మ, అతని వెనక తోటలో తొండాలెత్తి పగలంతా నీళ్లు చిమ్మే రాతి ఏనుగుల్ని చూపిస్తూ.

"అది పట్నానికి అందం. మిగిలింది మీదేగా, నడువు."

మిగిలింది, మిగిలింది, మిగిలింది. మిగలనివ్వకుండా తోడుకుని, మిగిలింది నీదే అనడం దానమా, దొంగతనమా? మీరే చెప్పండి.

రాజుకు చెప్పుకోవచ్చుగా అంటారా? అక్కడే ఉంది అసలు మోసం. ఏటా ఒకనాడు రాజు కడమూరికి వచ్చి ఏటికి సారె పెట్టేవాడు. ఏరు ఆడపిల్ల, సముద్రం అత్తవారిల్లు. పిల్ల అత్తింట అడుగుపెట్టేచోట చీర, పసుపు, గాజులు, చలిమిడి నీళ్లలో వదలడం ఆ దేశపు ఆచారం. ఆ ఒక్కనాటి కోసం ముగ్గురూ కూడబలుక్కుని తూములు ఎత్తేవాళ్లు. రాజు వచ్చేసరికి ఏరు గలగలా పారేది. సారె పెట్టడం అవగానే తూములు మూసేసేవాళ్లు.

ఆ ఏడూ అలాగే చేశారు. "ప్రభూ, మా ఊరికి ఏరు రావడం లేదు" అని ఆదెమ్మ మొరపెట్టుకుంటే, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్న రాజు నవ్వాడు.

"మరి నా కాళ్లు తడుపుతున్నదెవరమ్మా?"

వెంట వచ్చిన ముగ్గురూ పకపకా నవ్వారు. ఆదెమ్మ నవ్వలేదు. "భోజనానికి దయచెయ్యండి" అంది.

మర్యాద ప్రకారం రాజుకు కడబంతిలో పీట వేశారు. ముగ్గురూ తమ పరివారాలతో ముందు బంతుల్లో కూర్చున్నారు. ఆదెమ్మ గంటె తీసుకుని నేరుగా ముందు బంతికి నడిచింది.

"అటు కాదు పిన్నీ, కడబంతి ఇటు" అని ఊరివాళ్లెవరో గొణిగారు.

"ఇవాళ ఏటి వరసన వడ్డిస్తున్నా" అంది ఆదెమ్మ.

"తోటలు పెరిగాయి కదా, ఇంకాస్త వేయించుకోండి" అని కామందు విస్తరి నింపింది. "గిరాకీ ఎక్కువ కదా, మీకూ ఇంకాస్త" అని వర్తకుడి విస్తరి నింపింది. "మీ జనం ఎక్కువ కదా" అని కొత్వాలు విస్తట్లో అన్నం కొండలా పోసింది. అది కొసల నుంచి జారి నేలపాలయింది. ఒక్కరూ చాలనలేదు. ఆ మాట అలవాటుంటేగా? కడబంతికి వచ్చేసరికి గిన్నెలన్నీ ఖాళీ.

రాజు తన విస్తరి వంక చూసుకున్నాడు. "మరి మాకో?"

"మిగిలింది తమదే ప్రభూ."

"ఎంత పొగరు. మహారాజు ముందు ఖాళీ విస్తరా?" అని లేచాడు కొత్వాలు.

"ఖాళీ అనకండి బాబూ. ఆకు పరిచాం, నీళ్లు చల్లాం. ప్రభువుల వంతు ప్రభువులకు ఉండనే ఉంది. అన్నమే, దారిలో ఆగిపోయింది."

రాజు ముఖం ఎర్రబడింది. తన మాటే తన విస్తట్లోకి వచ్చిందని అప్పటికింకా తెలియలేదు. "మళ్లీ వండు" అన్నాడు.

"వండుతా ప్రభూ. ఎసట్లోకి నీళ్లు కావాలి, ఏటికి వెళ్లొద్దాం రండి" అని ఆదెమ్మ కడవ చంకనెత్తుకుంది.

ఏటి ఒడ్డున రాజు రాయిలా నిలబడిపోయాడు. పొద్దున తన కాళ్లు తడిపిన ఏరు లేదు. తడి ఇసక మీద సారెచీర చుట్టచుట్టుకుని పడి ఉంది. గాజుల మీద ఎండ్రకాయ పాకుతోంది. చలిమిడి చుట్టూ కాకులు చేరాయి.

"చూశారా ప్రభూ" అంది ఆదెమ్మ. "తమరేమో పిల్లకు సారె పెట్టి పంపామనుకుంటున్నారు. పిల్లనేమో దారిలోనే ఆపి, మూడిళ్లవాళ్లు చాకిరీ చేయించుకుంటున్నారు. అత్తింటి గడప తొక్కనివ్వని పిల్లకు పట్టుచీర ఎందుకండీ?"

రాజు వంగి సారెచీర మీది ఇసక దులిపాడు. తరవాత ముగ్గురి వైపు తిరిగాడు. వాళ్లు ఒకేసారి అందుకున్నారు. "ప్రభూ, తోటలు పెరిగాయి." "గిరాకీ పెరిగింది." "జనం పెరిగారు."

"అన్నీ పెరిగాయి. ఏరు పెరిగిందా?" అన్నాడు రాజు. "వరద నాటి కొలత పెట్టింది నేను. ఆ తప్పు నాది. ఏరు రావడం లేదని తెలిసీ, నా కళ్లకు ఒక్కపూట నీళ్లు చూపించింది మీరు. ఆ తప్పు మీది. ఇకమీదట కొలత కరువు నాటిది. మొదటి వంతు కడమూరిది. ఆ తరవాత గొంతు తడుపుకునే జనానిది. తోటలూ చీరలూ ఉన్నదాంట్లో సర్దుకోవాలి. నా కోట కొలనుకు అందరికన్నా చివర. ఆ ఏనుగుల తొండాలు ఇవాళే మూయించండి. పరుగెత్తండి. ఏరు వచ్చేదాకా నేను ఆ ఖాళీ విస్తరి ముందే కూర్చుంటాను."

ముగ్గురూ తిన్నది అరగకముందే గుర్రాలెక్కారు. మర్నాడు పొద్దు పొడిచేవేళకు ఏరు వచ్చింది. ముందు ఇసక నల్లబడింది. తరవాత సారెచీర మెల్లగా కదిలింది, మడతలు విప్పుకుంది, అలల వైపు సాగిపోయింది. ఊరివాళ్లు కట్టిన మూటలు విప్పేశారు. ఆదెమ్మ కడవ ముంచి తెచ్చి ఎసరు పెట్టింది. గంటె పట్టుకుని, ఎప్పటిలాగే కడబంతి నుంచి మొదలుపెట్టింది.

ఆకలితో సొక్కిపోయిన ఆ ముగ్గురూ తిరిగి వచ్చి ముందు బంతిలో కూర్చుని, "అమ్మా, మాకు?" అన్నారు.

"వస్తున్నా, వస్తున్నా" అంది ఆదెమ్మ. "కడబంతి నుంచి వస్తే, ముందు బంతి దాకా వస్తుంది. అటు నుంచి వస్తేనే ఇటు దాకా రాదు."

ఇప్పుడు చెప్పండి, వడ్డన ఎటు నుంచి? ఆఁ, అదీ. జరగండి, దారివ్వండి. బియ్యం కడిగిన నీళ్లు ముందు అటు చివర గోడవార బీరపాదుకు పోశానో లేదో, కథ కథ అంటూ కూర్చోబెట్టారు. ఇటు దగ్గరి మొక్కలకు ఇంకా పోయాలి. పోస్తూ ఉంటే మీరూ గట్టిగా అనండి: పంచినవాడి న్యాయం మొదటి విస్తట్లో తెలియదు, కడబంతి విస్తట్లో తెలుస్తుంది.