పైన ఆరిన గడ్డి

కోపం పోయిందో, అణిగి కూర్చుందో మనిషికి తెలిసేదెలా? కోటిలింగం ఇంత తిన్నగా అడగలేదు. "నాకు కోపం పోయింది గురువుగారూ, తమ్ముడింటికి వెళ్ళి రానా?" అన్నాడు. అనుమతి అడిగినట్టుగా అనుమానం అడగడం మనందరికీ అలవాటే.

కోటిలింగం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. గోదావరి గట్టు కింద విరూపాక్షయ్యగారి ఆశ్రమానికి వచ్చి మూడేళ్లయింది. ఆరేళ్ల కిందట వాళ్ల అమ్మ పోయినప్పుడు, అతను బస్సు దిగి పరుగెత్తుకొచ్చేసరికే తమ్ముడు దహనం కానిచ్చేశాడు. కడసారి చూపు దక్కలేదు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడు ఆ తమ్ముడే ఫోను చేసి, మనవరాలి బారసాలకు రమ్మన్నాడు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్ళాక ఒక్క మాట తూలితే ఇక ఈ జన్మకు తమ్ముడు లేనట్టేనని భయమూ ఉంది. గురువుగారు ఊఁ అంటే, ఆ భయాన్ని ఆయన నెత్తిన పెట్టి హాయిగా బస్సెక్కొచ్చు.

విరూపాక్షయ్యగారు ప్రశ్నకు వెంటనే బదులిచ్చే మనిషి కారు. ఆ పూటకు ఏ పని ఉంటే అందులోకి శిష్యుణ్ణి దించేవారు. "పశువుల పాక దాకా వెళ్ళొద్దాం రా. నూకరత్నం పొద్దుటినుంచీ ఏదో అంటోంది," అని లేచారు.

నూకరత్నం ఆశ్రమం ఆవుల్ని చూసుకునే మనిషి. పాక గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఆవులు అటేపు పడుకోవట్లేదండి అయ్యగారూ. నాలుగూ ఇటేపే ఇరుక్కుని పడుకుంటన్నాయి. మూడ్రోజుల దూడ నలిగిపోద్దేమోనని నాకు నిద్ర లేదండి," అంది.

అటేపు ఉన్నవి గడ్డికట్టలు. మిషను చుట్టినవి, గుండ్రంగా, ఒక్కోటి ఒక మనిషి ఎత్తగలిగేంత. వాటిది ఒక చరిత్ర. పదిహేను రోజుల కిందట వరదకు గట్టు ఒకచోట కోసుకుపోతుంటే, ఇసుక బస్తాలు చాలక, ఈ కట్టల్నే వెదుళ్లు పాతి వాటి మధ్య కుక్కి, మీద పట్టా పరిచి నీటి జోరు తగ్గించారు. ఈలోగా బస్తాలొచ్చాయి, ఊరు నిలిచింది. ఇళ్లలోకి నీళ్లొచ్చిన బాలింతలు రెండు రాత్రులు మిగిలిన కట్టల మీదే పడుకున్నారు. వరద తీశాక, ఊరిని కాపాడిన గడ్డిని పారేయడానికి కోటిలింగానికి మనసొప్పలేదు. నాలుగు రోజులు ఎండలో పెట్టి, పాకలో చూరు దాకా పేర్చి, వాన చినుకు పడకుండా పట్టా కప్పి, తాళ్లు బిగించాడు. ఆ పేర్పు చూసుకుని కాస్త మురిసిపోయాడు కూడా.

పాకలో కమ్మటి వాసన వేస్తోంది, బెల్లం పాకం అడుగంటినట్టు. విరూపాక్షయ్యగారు గునపం తెమ్మని, కట్టల మధ్యలోకి పక్కనుంచి గుచ్చించారు. "రెండావుల పాలు తీసేదాకా ఉండనియ్యి. లోపల కాగుతోందేమో చూద్దాం," అన్నారు.

కోటిలింగానికి నవ్వూ వచ్చింది, కుతూహలమూ కలిగింది. "నిప్పే లేదు కదండీ! పొడిగా ఉన్నాయి. నా చేత్తో తడిమి చూశాను."

"ఎక్కడ తడిమావు?"

"పైన."

ఆయన పాలచెంబు నూకరత్నం చేతికిచ్చారు.

రెండో ఆవు పాలు తీయడం అయ్యాక కోటిలింగం గునపం లాగాడు. లోపల ఉన్న కొన అరచేతికి తగిలిందో లేదో, కెవ్వుమని పారేశాడు. ఎర్రగా కాలింది చెయ్యి. మూడేళ్లుగా ఆశ్రమంలో వినపడని గొంతు అది. లోపలి తడి ఆరలేదు. గాలాడకుండా బిగించేసరికి గడ్డి తనలో తానే మాగి, ఉడికి, అగ్గికి సిద్ధంగా ఉంది.

తప్పు తనదని తెలియగానే మనిషికి ఎక్కడలేని తొందరా వస్తుంది. కోటిలింగం తాళ్లు తెంచబోయాడు, పట్టా పట్టుకుని పైకి ఎక్కబోయాడు.

"దిగు!" అన్నారు విరూపాక్షయ్యగారు. "లోపల కాలి గుల్లైతే నిలువునా దిగబడిపోతావు. గాలి తగిలితే మండుతుంది. ముందు పశువుల్ని బయటికి తోలండి."

నూకరత్నం దూడను చంకనెత్తుకుంది, తల్లి అరుస్తూ వెనకే నడిచింది. మిగతా మూడూ బయటపడ్డాయి. మోటారు వేసి గొట్టం పాక దాకా లాగారు, బిందెలు నింపి వరసగా పెట్టారు. అప్పుడు పట్టా తీసి, నిచ్చెన మీద నిలబడి, కొక్కెం కర్రతో ఒక్కో కట్టా పైనుంచి దించారు. మొదటి మూడు వరసలు వెచ్చగా ఉన్నాయి. నాలుగో వరసలో కట్ట నల్లగా ఉంది. దాన్ని కదిపారో లేదో, భగ్గుమని మంట చూరును నాకింది. నీళ్లు సిద్ధంగా ఉన్నాయి గనక చూరు ఒక మూల కాలింది, అంతే. పశువులు లోపలే ఉండి ఉంటే బెదిరి ఒకదాన్నొకటి తొక్కుకునేవి. దూడ చింతచెట్టు కింద తల్లి పొదుగు వెతుక్కుంటోంది.

సాయంత్రానికి కట్టలన్నీ విప్పి మైదానమంతా ఆరబోశారు. కోటిలింగం చేతికి వెన్న రాయబోయింది నూకరత్నం. "చన్నీళ్లలోనే ఉంచు," అని విరూపాక్షయ్యగారు వారించారు. కుండలో చెయ్యి పెట్టుకుని కోటిలింగం చాలాసేపు ఏడ్చాడు. చెయ్యి మంటకు కాదని అతనికీ తెలుసు. ఆ ఏడుపు మధ్యలోనే అమ్మ మొహం అన్నాడు, ఒక్క పూట ఆగలేకపోయాడా అన్నాడు, తమ్ముణ్ణి అనరాని మాట కూడా ఒకటి అన్నాడు.

గురువుగారు అన్నీ విన్నారు. తర్వాత అడిగారు: "బారసాల ఎప్పుడు?"

"ఎల్లుండండి. మానేస్తాను గురువుగారూ. నా సంగతి నాకు తెలిసిపోయింది."

"వెళ్ళు," అన్నారు విరూపాక్షయ్యగారు. "నువ్వూ తమ్ముడూ కూర్చుని మాట్లాడుకోండి. మొదలెట్టే ముందు మాత్రం, ఇంట్లో పిల్లల్ని బయట ఆడుకోమని పంపించు."