తవుటిపాలెం వీరుల స్తూపం

తవుటిపాలెంలో బూరయ్య, లింగాలు, సత్తిపండు అని ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. ఊళ్ళో అందరికంటే తెలివైనవాళ్ళెవరని అడిగితే "ఇంకెవరు, మేమే" అని వాళ్ళే చెప్పేవారు. కాదనడానికి మిగతావాళ్ళకి అంత తెలివి లేదు. అంతే, ఏ పెద్ద పనొచ్చినా వాళ్ళ చేతుల్లోకే వెళ్ళేది.

ఆ ఊరి నుంచి వెనకెప్పుడో ముగ్గురు సైన్యంలోకి వెళ్ళారు. యుద్ధంలో పోరాడి పతకాలు గెలిచారు. పతకాలు ఊరికొచ్చాయి, మనుషులు రాలేదు. ఇద్దరి కుటుంబాలు పతకాలతో సహా వేరే ఊళ్ళకి తరలిపోయాయి. హవల్దారు గవరయ్య భార్య అప్పయమ్మ మాత్రం ఆ పతకాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది. ఇన్నాళ్ళకి ఊరివాళ్ళకి సిగ్గేసింది. పంచాయతీ ఆఫీసు ఎదుట ఆ ముగ్గురి పేర్లతో స్తూపం కట్టాలనుకున్నారు. తెర తీయడానికి ఒక కర్నలుగారు వస్తానన్నారు.

సర్పంచి సూరపనాయుడు అన్నదమ్ముల్ని పిలిచి, "మేస్త్రీ ఒక్కడి వల్ల కాదర్రా. ఊరంతా తలో చెయ్యీ వేస్తేనే ఇది పూర్తవుతుంది. చూసుకోండి" అని చెప్పి పట్నం వెళ్ళాడు.

ఇంకేముంది! మేస్త్రీ సిమెంటు పూత పూసి, చుట్ట కాల్చుకుందామని అలా పక్కకి వెళ్ళగానే, బూరయ్య ఊరందర్నీ వరసలో నిలబెట్టాడు.

"తలో చెయ్యి! ఒక్కటే! రెండో చెయ్యి వేశారో, ఊరుకోను!"

పచ్చి సిమెంటు మీద మూడొందల చేతులు పడ్డాయి. సాయంత్రానికి స్తూపం అచ్చం పిడకల గోడలా తయారైంది. పొరుగూరి నుంచి వచ్చిన ఒకావిడ, ఎండినవుంటే ఓ పాతిక ఇమ్మని అడిగింది కూడా.

నాయుడు తిరిగొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. పేర్లు చెక్కిన రాతిపలక బిగించి, పైనంతా సున్నం వేయించాడు. "కర్నలుగారు వచ్చేదాకా దీన్ని కంటికి రెప్పలా చూసుకోండి, అంతకుమించి ఏమీ చెయ్యకండి" అన్నాడు.

"ఇంతకీ రెప్ప ఏం చేస్తుందన్నయ్యా?" అని లింగాలు అడిగాడు.

సత్తిపండు పెద్దన్న కంట్లోకి కాసేపు తదేకంగా చూసి, "పడుతుంది, లేస్తుంది. పడుతుంది, లేస్తుంది. అంతే" అని తేల్చాడు.

అంతే, ఓ గొంగళి తెచ్చారు. తలో కొసా పట్టుకుని స్తూపం మీద వేయడం, తీయడం, వేయడం, తీయడం. ఆరని సున్నమంతా గొంగళికి అంటుకుంది. మర్నాటికి గొంగళి తెల్లగా మెరిసిపోతోంది, స్తూపం మీద చేతులన్నీ మళ్ళీ బయటపడ్డాయి.

తెర తీసే రోజు పొద్దున్న అప్పయమ్మ పతకం చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఒరే బూరయ్యా, కర్నలుగారికి చూపించాలటగా. నాకు మిగిలింది ఇదొక్కటే. కడుపులో పెట్టుకుని కాపాడు నాయనా" అంది.

బూరయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఊళ్ళో ఇంతమంది ఉండగా పిన్ని తననే నమ్మింది! "అలాగే పిన్నీ" అని, పతకాన్ని రిబ్బనుతో సహా నోట్లో వేసుకుని, చెంబుడు మజ్జిగ తాగేశాడు.

కర్నలుగారు వచ్చారు, తెర తీశారు. స్తూపం నిండా చేతులు! "ఏమిటివి?" అన్నారు.

"ఊరంతా తలో చెయ్యీ వేశామండి" అన్నాడు బూరయ్య.

పాపం, కర్నలుగారికి అందులో ఏదో గొప్ప భావం తోచింది. "అద్భుతం" అన్నారు.

అప్పయమ్మకి చదువు రాదు. "ఇందులో ఆయన పేరేది బాబూ?" అని అడిగింది. కర్నలుగారే ఆవిడ వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించారు. ఆవిడ ఆ వేలు తీసి కళ్ళకద్దుకుంది.

"మరి పతకమేది?" అన్నారాయన.

"భద్రంగా ఉందండి" అని బూరయ్య పొట్ట నిమిరాడు.

"చూపించు."

బూరయ్య నోరు బార్లా తెరిచాడు. కర్నలుగారు లోపలికి తొంగి చూశారు. విషయం అర్థమైంది. పతకానికి వందనం చేయకపోతే తప్పు కదా, ఏం చేస్తారు? ఆ బొజ్జకే ఓ సెల్యూట్ కొట్టారు.

తర్వాత ఉపన్యాసం. "ఈ వీరులు చనిపోయారని ఎవరన్నారు? లేదు! వాళ్ళు బతికే ఉన్నారు!" అని ఆయన గొంతెత్తి చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన జీపెక్కారు.

అన్నదమ్ములు ముఖముఖాలు చూసుకున్నారు.

"బతికే ఉన్నారట్రా!"

"అంత పెద్దాయన అబద్ధమాడతాడా?"

"అయితే బతికున్నవాళ్ళకి స్తూపం కట్టామా? ఎంత అపచారం!"

ఇంకేముంది, గునపాలు తెచ్చారు. నాయుడు జీపుని ఊరి పొలిమేర దాకా సాగనంపి వచ్చేసరికి స్తూపం లేదు, రాళ్ళ గుట్ట ఉంది. అప్పయమ్మ పేర్ల పలక మాత్రం ఎత్తించుకుని వెళ్ళి తన అరుగు గోడకి ఆనించుకుంది. మూడో రోజుకి, అరటిపళ్ళ పుణ్యమా అని, పతకం కూడా బయటికొచ్చింది. దాన్ని చింతపండుతో తోమి తోమి, మళ్ళీ డబ్బాలో పెట్టుకుంది.

ఆ రోజే అన్నదమ్ములు మూడు బంతిపూల దండలు పట్టుకుని బస్సు స్టాండుకి బయల్దేరారు.

"ఎక్కడికర్రా?" అంది అరుగు మీద కూర్చున్న అప్పయమ్మ.

"బాబాయి వాళ్ళని తీసుకురావడానికి పిన్నీ. బతికున్నవాళ్ళు ఊరికి రాకుండా ఎక్కడికి పోతారు?"

ఆవిడ పక్కనున్న పేర్ల పలకని కొంగుతో తుడిచింది. "సరే, వెళ్ళండి. వంకాయ కూర వండుతాను. ఆయనకిష్టం" అంది.

మధ్యాహ్నం బస్సులోంచి ముగ్గురు దిగారు. ఒకడు గాజులమ్మేవాడు, ఒకడు పశువుల కాంపౌండరు, మూడోవాడి చేతిలో మేకపోతు.

"ముగ్గురు రావాలి, ముగ్గురే దిగారు!" అని లింగాలు గంతేశాడు. అంతే, దండలు మెళ్ళో వేసి, తలొకర్నీ భుజాలకెత్తుకున్నారు. మేకపోతు వెనకాల నడిచొచ్చింది.

"బాబూ, నన్ను దింపండి! దూడకి మందు పోయడానికొచ్చాను" అని కాంపౌండరు మొత్తుకున్నాడు.

"అంత యుద్ధం చేసి ఎంత అణకువ బాబాయ్!" అన్నాడు సత్తిపండు.

ముగ్గురినీ అప్పయమ్మ అరుగు మీద దింపి, ముందు ఆకులు వేశారు. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గాజులవాణ్ణి చూసింది, కాంపౌండర్ని చూసింది, మేకపోతు మనిషిని చూసింది.

"వీళ్ళలో మీ బాబాయి ఎవర్రా?"

బూరయ్యకి ఒళ్ళు మండింది. "ముగ్గురినీ మోసుకొచ్చి కూర్చోబెట్టాం కదా! మీ ఆయనెవరో అది కూడా మేమే చెప్పాలా పిన్నీ? కాపురం చేసింది నువ్వా, మేమా?"