‘నాది’ అనని మాస్టారు

కాకినాడలో త్రిమూర్తులు మాస్టారి మట్టి టెన్నిస్ కోర్టుల్లో నోరు మూసుకుని ఆడటం కుదరదు. డబుల్స్‌లో ఇద్దరి మధ్యకు బంతి వచ్చిందంటే ఎవరో ఒకరు "నాది" అని గట్టిగా కేక వెయ్యాలి, రెండోవాడు తప్పుకోవాలి. కేక లేకుండా ఎంత గొప్ప షాట్ కొట్టినా మాస్టారు ఆట ఆపించి, కోర్టు చుట్టూ పదిసార్లు పరిగెత్తిస్తారు. ఇంత పట్టుబట్టే మనిషి, ఆటకు ఒకరు తక్కువై తాను దిగినప్పుడు మాత్రం ఒక్కసారైనా "నాది" అనరు. పక్కవాడితో ముందే "కేక నువ్వే వెయ్యి, నేను వింటాను" అని చెప్పేస్తారు. వయసు మీదపడి గొంతు పోయిందేమో అనుకునేవాళ్లం. గొంతు పోవడమా! ఆలస్యంగా వచ్చినవాణ్ణి తిట్టడం మొదలుపెడితే రోడ్డవతల టీకొట్టు దాకా వినపడేది.

అసలు సంగతి కౌండిన్య అడిగిన ప్రశ్న వల్ల బయటికొచ్చింది. మా అందరిలోకీ పైకొచ్చినవాడు కౌండిన్య. ఊరూరా తిరిగి ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో డబుల్స్ ఆడతాడు. ఆ వారం పుణేలో ఒక మ్యాచ్ గెలిచి, తరవాతిది ఓడి వచ్చాడు. ఓడినందుకు కాదు గానీ, గెలిచినదాని గురించే వాడికి మనసు కుదురుగా లేదు. మాస్టారు కోర్టుకు నీళ్లు చల్లుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు. గెలిచిన ఆ మ్యాచ్ చివర్లో వాడి జోడీ పరిగెత్తి అందుకున్న బంతి అప్పటికే రెండుసార్లు నేలను తాకిందట; అలా తాకితే పాయింటు పోయినట్టే. అంపైరు అనుమానపడి అడిగితే, కౌండిన్య "ఒక్కసారే" అన్నాడట.

"నా కోసం చెప్పలేదు మాస్టారూ. ఈ గెలుపు లేకపోతే వాడు ఆటే మానేసేవాడు. పక్కవాడి కోసం ఆడిన అబద్ధం కూడా తప్పేనంటారా?"

అవునన్నా కాదన్నా ఒక్క మాటతో తేలిపోయేది. మాస్టారు రెండూ అనలేదు. కుళాయి కట్టేసి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నేను నెట్ విప్పుతూ అక్కడే ఉన్నాను. ఆయన చెప్పింది ఇది.

ముప్పై ఏళ్ల క్రితం మద్రాసులో ఒక టోర్నమెంటు. మాస్టారికప్పుడు ఇరవై ఏడు. జోడీ గుంటూరు దేవసహాయం, ముప్పై నాలుగేళ్లవాడు. మూడేళ్లుగా కలిసి ఆడుతున్నారు. దేవసహాయం పదకొండేళ్లుగా ఎన్ని టోర్నమెంట్లు ఆడినా క్వార్టర్ ఫైనల్ దాటలేదు. మోకాలు అరిగిపోయింది. ఈసారీ సెమీఫైనల్ చేరకపోతే రాకెట్ అటకెక్కిస్తానని భార్యకు మాటిచ్చి వచ్చాడు. మళ్లీ క్వార్టర్ ఫైనలే. ఆఖరి సెట్టు టైబ్రేక్‌లో అయిదు–ఆరు. ఇంకొక్క పాయింటు పోతే ఇంటికే. ఎదుటివాడు బలంగా కొట్టిన బంతి నెట్ దగ్గరున్న త్రిమూర్తులు చొక్కా చేతిని రాసుకుంటూ పోయి గీత బయట పడింది. ఒంటికి గానీ బట్టకు గానీ తగిలితే పాయింటు ఎదుటివాళ్లది. అంపైరు చూడలేదు. ఎదుటివాళ్లు గోల చేస్తే, "తగిలిందా?" అని అడిగాడు. త్రిమూర్తులు వెనక్కి తిరిగి, మోకాలు పట్టుకుని వంగి నిలబడ్డ దేవసహాయాన్ని చూశాడు.

"లేదు" అన్నాడు.

తరవాతి రెండు పాయింట్లూ వాళ్లవే. దేవసహాయం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బట్టలు మార్చుకునేటప్పుడు మెల్లిగా అడిగాడు: "తమ్ముడూ, చొక్కా కదిలినట్టు కనపడింది. తగిలిందా?" ఆ ఏడుపు తడి ఇంకా ఆరలేదు. ఆ సంతోషం చెడగొట్టడానికి త్రిమూర్తులుకు మనసొప్పలేదు. కళ్లలోకి చూస్తూ, "ఏం తగల్లేదన్నా" అన్నాడు. "సరేలే" అన్నాడు దేవసహాయం. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు సెమీఫైనల్. మొదటి సెట్టు వీళ్లదే. రెండో సెట్టులో ఎదుటివాళ్లు ఎత్తుగా లేపిన బంతి ఇద్దరికీ సరిగ్గా నడుమ దిగుతోంది. "నాది!" అని అరిచాడు త్రిమూర్తులు. మూడేళ్లలో ఆ కేక కొన్ని వేలసార్లు వేసి ఉంటాడు. ప్రతిసారీ దేవసహాయం తల తిప్పకుండానే ఎడమకు తప్పుకునేవాడు. చెవితోనే సరిపెట్టుకునేవాడు. ఆ రోజు తప్పుకోలేదు. ఆగాడు. ముఖం తిప్పి త్రిమూర్తులు ముఖంలోకి చూశాడు. అప్పటికే రాకెట్ గాలిలోంచి కిందికి దిగుతోంది. దాని అంచు దేవసహాయం కుడి కంటికి తగిలింది.

కౌండిన్య నేల చూపులు చూస్తున్నాడు. మా అందరికీ కేకలు నేర్పిన మనిషి ఇన్నేళ్లూ ఇంత బరువు మోస్తున్నారని తెలియక, వెనకాల ఎన్నిసార్లు నవ్వుకున్నామో తలుచుకుంటే సిగ్గేసింది.

కన్ను దక్కలేదు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని త్రిమూర్తులు ఒకటే మాట పదేపదే అడిగాడట. "నాది అన్నాను కదన్నా. వినపడలేదా?"

కట్టు కిందనుంచి దేవసహాయం నెమ్మదిగా చెప్పాడట. "వినపడింది తమ్ముడూ. నిజమేనా అని చూశాను."

అందులో కోపం లేదట. కోపంగా అని ఉంటే బాగుండేదని మాస్టారన్నారు. ఆ తరవాత దేవసహాయం మళ్లీ రాకెట్ పట్టలేదు. మాస్టారు ఆ ఏడే టోర్నమెంట్లు మానేసి కాకినాడ వచ్చేశారు.

కౌండిన్య తనను తాను సమర్థించుకోవాలనో, మాస్టారిని ఓదార్చాలనో గానీ, "అయినా మాస్టారూ, పదకొండేళ్లుగా అందని సెమీఫైనల్ ఆయనకు మీ అబద్ధం వల్లే దక్కింది కదా" అన్నాడు.

మాస్టారు లేచి మళ్లీ పైపు చేతిలోకి తీసుకున్నారు.

"నా అబద్ధం ఆయనకు పనికొచ్చిందిరా" అన్నారు. "నా నిజమే పనికిరాలేదు."